మెట్ల దాకా ఫైబరు, గుమ్మం దాకా నీలం వైరు

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. తమ పేరు గానీ అపార్ట్‌మెంటు పేరు గానీ బయటపెట్టవద్దని కోరారు కాబట్టి వాటిని వదిలేసి, సారం చెడకుండా కుదించి ఇక్కడ ఇస్తున్నాను.

ఆమె హైదరాబాదులోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ ఉద్యోగి. మూడేళ్ళుగా ఇంటి నుంచే పనిచేస్తున్నారు. భర్త ప్రైవేటు జూనియర్ కళాశాలలో లెక్చరర్. నాలుగో తరగతి చదివే బాబు, అత్తగారు వారితోనే ఉంటారు. ఆరు నెలల క్రితం 20 ఫ్లాట్లున్న అపార్ట్‌మెంటులో, మూడో అంతస్తులో, రెండు పడకగదుల ఫ్లాటును 11 నెలల అగ్రిమెంటు మీద అద్దెకు తీసుకున్నారు. ఇంటి యజమాని ఆమె మామగారికి వరసకు తమ్ముడు. ఆయన ఉండేది అదే అపార్ట్‌మెంటు మొదటి అంతస్తులో. అసోసియేషన్ ప్రెసిడెంటు కూడా ఆయనే. ఇంట్లో ఇంటర్నెట్టు ముందు అద్దెకున్నవారి పేరు మీద, వారు వదిలి వెళ్ళిన రూటరు మీదే నడుస్తోంది. కేబుల్ ఆపరేటరు మనిషి నెలకు 600 రూపాయలు చేతికి తీసుకుంటాడు, బిల్లు ఇవ్వడు.

పగలంతా బాగానే ఉండే నెట్టు రాత్రి ఏడున్నర నుంచి పది దాకా నత్తనడక నడుస్తోంది. అమెరికా వారితో ఆమె మీటింగులు సరిగ్గా ఆ వేళలోనే. గత నెలలో మూడుసార్లు మాట మధ్యలో తెగిపోయింది. ఇంకోసారి ఇలా జరిగితే హైదరాబాదు వచ్చి ఆఫీసులోనే పనిచేయాల్సి ఉంటుందని మేనేజరు చెప్పారు. ఆపరేటరును అడిగితే, ఆరు నెలల డబ్బు 3,000 ముందే కడితే స్పీడు రెట్టింపు చేస్తానన్నాడు. వీధి చివర స్తంభం దాకా వచ్చిన ఒక పెద్ద కంపెనీ ఫైబరు ప్రతినిధి, ఏడాది ప్లాను తీసుకుంటే బిగింపు ఉచితమన్నాడు. వైరే అక్కరలేని 5జీ పెట్టె తెస్తానని మరొకరు వచ్చారు. ఇంటి యజమాని మాత్రం "మన కేబుల్ అబ్బాయి ఉండగా ఇంకో వైరెందుకమ్మా, గోడలకు బెజ్జాలు పెట్టనివ్వను" అని తేల్చేశారు. "నీ మీటింగుల కోసం బాబాయితో తగువెందుకు?" అంటున్నారు భర్త. అగ్రిమెంటు ఇంకా అయిదు నెలలే ఉంది. ఆ తరువాత భర్తకు విజయవాడ శాఖకు మార్పు రావచ్చునట. ఏది తీసుకోవాలి, ఆరు నెలల డబ్బు కట్టవచ్చా, చిన్న మామయ్య గారిని ఎలా ఒప్పించాలి, పాత రూటరును ఏం చేయాలి అన్నవి ఆమె ప్రశ్నలు.

అమ్మా, మీ ఉత్తరంలో వైరు చిక్కూ బంధుత్వపు చిక్కూ ఒకదానికొకటి చుట్టుకుని ఉన్నాయి. మీరు బంధుత్వం కొస నుంచి విప్పబోయారు. నేను వైరు కొస నుంచి మొదలుపెడతాను, ఎందుకంటే లోపం ఎక్కడుందో ఖాయంగా తెలిసినప్పుడు, మీ చిన్న మామయ్య గారితో మాట్లాడవలసిన మాటలు సగానికి సగం తగ్గిపోతాయి. టెలిఫోన్ శాఖలో ముప్పై ఏళ్ళు స్తంభాల కింద గడిపి రిటైరైన వాడిని కాబట్టి ఈ కొస నాకు కొంచెం అలవాటైనది కూడా.

మీ ఉత్తరం రెండో పేజీలో, అంత ముఖ్యం కాదన్నట్టుగా, ఒక మాట రాశారు. కరెంటు పోయినప్పుడు మీ ఇంట్లో ఇన్వర్టరు మీద రూటరు లైట్లు వెలుగుతూనే ఉంటాయి గానీ నెట్టు మాత్రం వెంటనే పోతుందనీ, కింద మీటర్ల గదిలో గోడకు బిగించిన ఇనప పెట్టెలో పచ్చ లైట్లు కూడా ఆ సమయంలో ఆరిపోతాయని వాచ్‌మన్ చెప్పాడనీ, ఆ పెట్టెలోంచే ఒక నీలం వైరు మీ ఇంటికి వస్తోందనీ రాశారు. నా లెక్కకు మీ ఉత్తరం మొత్తంలో అన్నిటికన్నా విలువైన వాక్యం అదే.

ఫైబరు అన్న మాటతో రెండు రకాల కనెక్షన్లు అమ్ముతున్నారు. ఒకదానిలో వెంట్రుక వంటి గాజు పోగున్న సన్నని తీగ నేరుగా మీ ఫ్లాటులోకి వచ్చి, మీ గదిలోని పెట్టెకే తగులుకుంటుంది. దారిలో ఒకే పోగును 32 ఇళ్ళకో 64 ఇళ్ళకో చీల్చే పరికరం ఉంటుంది గానీ అది గాజు పనితనమే తప్ప దానికి కరెంటుతో పని లేదు. అందువల్ల అవతలి కొసన కంపెనీ వారి యంత్రాలు బ్యాటరీల మీద నడుస్తున్నంతసేపూ, ఇవతల మీ ఇంట్లో ఇన్వర్టరు ఉన్నంతసేపూ, వీధి మొత్తం చీకటైనా నెట్టు నడుస్తుంది. రెండో రకంలో ఫైబరు అపార్ట్‌మెంటు మీటర్ల గది దాకానే వస్తుంది. అక్కడ స్విచ్ అనే పెట్టె ఒకటి పెట్టి, దాని నుంచి ఒక్కొక్క ఫ్లాటుకు రాగి తీగలున్న ల్యాన్ వైరు లాగుతారు. ఆ స్విచ్‌కు కరెంటు కావాలి. అది ఎలుకలకూ తేమకూ దొరుకుతుంది. 20 ఫ్లాట్ల వారి సీరియళ్ళూ ఆటలూ పాఠాలూ అన్నీ రాత్రి ఎనిమిదింటికి ఆ ఒక్క పెట్టె గుండానే, దాని వెనక ఆపరేటరు కొనుక్కున్న ఒకే వాటా గుండానే వెళ్ళాలి. మీ ఇంటికి వస్తున్నది నీలం వైరు. చివర ఫోను ప్లగ్గు కన్నా కొంచెం వెడల్పైన, పారదర్శకమైన ప్లాస్టిక్ కొక్కెం ఉండి, నొక్కి పెడితే 'టక్' మని కూర్చుంటే, అది ల్యాన్ వైరే. అంటే మీకు ఫైబరని చెప్పి అమ్మినది మెట్ల దాకా మాత్రమే ఫైబరు.

ఇందులో మోసమేదో జరిగిందని నేననడం లేదు. సరిగ్గా నిర్వహిస్తే ల్యాన్ వైరు మీద కూడా 100 మెగాబిట్ల వేగం హాయిగా వస్తుంది. అయితే మీ ఆపరేటరు చెప్పిన 'స్పీడు రెట్టింపు' మాటను ఈ వెలుగులో చూడండి. మీ ఒక్క ఫ్లాటుకు పెట్టిన పరిమితిని అతను 50 నుంచి 100కు పెంచగలడు, అది కంప్యూటరులో ఒక అంకె మార్చడమే. సాయంత్రం ఆ పెట్టె వెనక ఇరుకైపోతున్న వాటాను మాత్రం ఆ అంకె వెడల్పు చేయదు. వీధి కుళాయిలోనే నీళ్ళు సన్నగా వస్తున్నప్పుడు ఇంట్లో పెద్ద బిందె పెట్టి ఏం లాభం?

అయినా నేను ఇక్కడ కూర్చుని చెప్పింది ఊహే కనుక, డబ్బు ఎవరికైనా ఇచ్చే ముందు మూడు రోజులు పరీక్ష చేయండి. మీ ల్యాప్‌టాప్‌ను వైఫై మీద కాకుండా ఒక చిన్న ల్యాన్ వైరుతో రూటరుకు తగిలించి, మిగతా ఫోన్లూ టీవీ వైఫై ఆపి, ఉదయం పదకొండుకు ఒకసారి, రాత్రి ఎనిమిదిన్నరకు ఒకసారి స్పీడ్ టెస్టు నడిపి, దిగే వేగం, ఎక్కే వేగం, పింగ్ (అవతలి నుంచి జవాబు రావడానికి పట్టే సమయం) అన్న మూడు అంకెలనూ కాగితం మీద రాసిపెట్టుకోండి. మీ మాట అవతలికి చేరేది ఎక్కే వేగం మీద కనుక దాన్ని వదిలేయవద్దు. పగలు 48, రాత్రి 3 వస్తే ఇరుకు బయట ఉన్నట్టు. రెండు పూటలా వైరు మీద బాగా వచ్చి వైఫై మీదనే పడిపోతుంటే లోపం మీ ఇంట్లోనే ఉంది; అప్పుడు కంపెనీ మార్చినా ఇదే కథ పునరావృతమవుతుంది.

రెండో అవకాశాన్ని తీసిపారేయకండి. మీరు రూటరు హాల్లో టీవీ కింద అరలో ఉందనీ, పడకగదిలో ఇనప బీరువా పక్కన బల్ల వేసుకుని పనిచేస్తాననీ రాశారు. రూటరు నుంచి వచ్చే రెండు అలల్లో 2.4 గిగాహెర్ట్జ్‌ది దూరం పోతుంది గానీ నిదానం, పైగా అపార్ట్‌మెంటులోని ఇరుగుపొరుగు రూటర్లన్నీ అక్కడే గుంపుకడతాయి. 5 గిగాహెర్ట్జ్‌ది వేగమైనది గానీ ఇటుక గోడ అడ్డం వస్తే నీరసపడుతుంది, ఇనప బీరువా అడ్డం వస్తే దాదాపు చేతులెత్తేస్తుంది. పది మీటర్ల ల్యాన్ వైరు కొని, గోడ వారన గచ్చు అంచు వెంట పరిచి, తలుపు సందులోంచి మీ బల్ల దాకా తెచ్చుకుంటే కొన్ని వందల రూపాయల్లో ఆ చిక్కు తీరుతుంది. ఎవరి అనుమతీ అక్కరలేదు, బెజ్జమూ అక్కరలేదు. వెళ్ళిపోయేటప్పుడు చుట్టచుట్టుకుని తీసుకుపోవచ్చు.

వేగం ఎంత కావాలన్నది కూడా కొంచెం నిలిచి ఆలోచించవలసిన విషయం, ఎందుకంటే ప్రతినిధులు 300 అనీ 500 అనీ అంకెలతో కొడతారు. మీ వీడియో మీటింగుకు రెండు వైపులా 4 మెగాబిట్లు నికరంగా ఉంటే చాలు. అత్తయ్య గారి సీరియలు మామూలు హెచ్‌డీలో చూస్తే 5, చాలా స్పష్టమైన 4కే బొమ్మ అయితే 15 నుంచి 25. బాబు పాఠాలూ మీ వారి ఫోనూ కలిపినా మొత్తం 50 దాటడం కష్టం. ఇంకొక తికమక ఉంది: ప్లానులో రాసేది మెగాబిట్లు, మీ కంప్యూటరు ఫైలు దించుకునేటప్పుడు చూపేది మెగాబైట్లు. బైటుకు ఎనిమిది బిట్లు కాబట్టి 100 అని కొన్నదానిలో సెకనుకు 12.5 కనిపిస్తే మోసపోయామనుకోకండి. మీకు కావలసింది రాత్రి ఎనిమిదిన్నరకు కూడా కదలకుండా నిలబడే 50. అప్పుడప్పుడు మెరిసి మాయమయ్యే 300తో మీకు పని లేదు.

పరీక్షలో ఇరుకు బయటే ఉందని తేలిందనుకుందాం. అప్పుడు మీ ముందు ఉన్న దారులను, ఒక్కొక్కదాని వెనక వచ్చే పర్యవసానంతో సహా చెబుతాను.

ఇప్పుడున్న ఆపరేటరుతోనే కొనసాగడం బంధుత్వానికి అన్నిటికన్నా తేలిక. అలాగైతే మీటర్ల గది నుంచి నీలం వైరు బదులు ఫైబరు తీగనే ఫ్లాటులోకి లాగమని, దానికి వేరే పెట్టె పెట్టమని అడగండి. స్థానిక ఆపరేటర్లలో చాలామంది ఇప్పుడు ఆ పని చేస్తున్నారు, ఉన్న వైరు దారిలోనే కొత్త తీగ వస్తుంది కనుక గోడ ముట్టుకోనక్కరలేదు. ఈ దారిలో ఒక మంచి కూడా ఉంది, దాన్ని తక్కువ చేయకూడదు: తీగ తెగిన రోజు అతను అరగంటలో స్కూటరు మీద వచ్చి నిచ్చెన వేస్తాడు. పెద్ద కంపెనీ వారైతే ఫిర్యాదు నంబరు ఇచ్చి, రేపు వస్తామంటారు. అయితే ఆరు నెలల డబ్బు ముందుగా కట్టడానికి మాత్రం నేను ఒప్పుకోను. మీ అగ్రిమెంటు అయిదు నెలలే ఉంది, బిల్లు లేదు, కనెక్షను మీ పేరు మీద లేదు. ఈ మూడూ కలిసినప్పుడు ఆ 3,000 రూపాయలు తిరిగి అడిగే నోరు మీకు ఉండదు. నెలనెలా కడతాననీ, మీ పేరు మీదకు మార్చి రసీదు ఇమ్మనీ చెప్పండి. ఒక నెల చూసి, రాత్రి అంకెలు మారకపోతే ఆ కాగితమే చూపించి మానేయవచ్చు.

వీధి చివరి స్తంభం నుంచి పెద్ద కంపెనీ ఫైబరు తెచ్చుకోవడం పనితీరులో బహుశా మేలైన దారి, కానీ రెండు మెలికలున్నాయి. ఒకటి డబ్బు లెక్క. 'బిగింపు ఉచితం' అన్నది ఏడాది డబ్బు ముందే కడితేనే. 499 అని ప్రకటనలో కనిపించే ప్లానుకు 18 శాతం జీఎస్‌టీ కలిస్తే నెలకు 589 అవుతుంది, ఏడాదికి 7,000 దాటుతుంది. మీరు అయిదు నెలలకే కదిలితే మిగతా ఏడు నెలల మాట ఏమిటో ముందే రాతలో అడగండి. విజయవాడలో మీరు దిగబోయే ఇంటికి కనెక్షను మార్పిస్తామంటారు. నిజమే, మారుస్తారు, అయితే ఆ కొత్త వీధిలో వారి తీగ ఉంటేనే. పటమటలో వారికి తీగ ఉండి, మీరు అద్దెకు తీసుకున్న గుణదల సందులో లేకపోతే ఏం చేస్తారన్నది ఇప్పుడే అడగవలసిన ప్రశ్న. బిగింపుకు వెయ్యో పదిహేను వందలో కట్టి, నెలవారీ ప్లానో మూడు నెలల ప్లానో తీసుకోవడం చూడటానికి ఖరీదనిపించినా, మీ పరిస్థితిలో చవక. రెండోది గోడ బెజ్జం, దాని సంగతి కింద చెబుతాను. బీఎస్‌ఎన్‌ఎల్ ఫైబరును కూడా ఇదే తరగతిలో విచారించండి. దాన్ని కూడా చాలాచోట్ల స్థానిక భాగస్వాములే బిగించి చూసుకుంటారు కాబట్టి, మీ లైనులో ఆ మనిషి ఎవరో, ఎలాంటివాడో పక్క అపార్ట్‌మెంటు వారిని అడిగితే తెలిసిపోతుంది.

5జీ పెట్టె దగ్గర మీకు వైరు తగువు లేదన్న మాట పూర్తిగా నిజం కాదు. తరచుగా కంపెనీలు టవరు నుంచి సిగ్నలు పట్టే పెట్టెను బయట, డాబా మీదో బాల్కనీ గ్రిల్లుకో బిగించి, అక్కడి నుంచి లోపలికి ఒక వైరు దింపుతాయి. డాబా అసోసియేషనుది, అంటే మళ్ళీ చిన్న మామయ్య గారిదే. బాల్కనీ గ్రిల్లుకు పెడతామంటే మేలు. దీనికి కూడా సాయంత్రపు ఇరుకు ఉంటుంది, ఎందుకంటే ఆ టవరును మీ పేటలోని ఫోన్లన్నీ పంచుకుంటాయి. నెలవారీ వాడకం మీద పరిమితి కూడా వైరు ప్లాన్ల కన్నా తక్కువగా ఉంటుంది. దీన్ని తీసుకోదలిస్తే ముందు ఒక పని చేయండి: అదే కంపెనీ 5జీ సిమ్ము ఉన్న ఫోను ఎవరిదైనా అడిగి తెచ్చి, రాత్రి ఎనిమిదిన్నరకు మీ బాల్కనీలో నిలబడి మూడు రోజులు స్పీడ్ టెస్టు నడపండి. ఆ అంకెలు నచ్చితేనే ముందుకు వెళ్ళండి. ఇల్లు మారినప్పుడు దులుపుకుని తీసుకుపోగలగడం దీని గొప్ప. అయిదు నెలల మనిషికి అది చిన్న విషయం కాదు.

వీటిలో దేన్ని ఎంచుకున్నా, రెండో దారి ఒకటి చేతిలో ఉంచుకోండి. మీ ఫోనులో, ఇంటి నెట్టు ఇచ్చే కంపెనీది కాని సిమ్ము ఒకటి ఉండాలి. మీటింగు మధ్యలో నెట్టు పోయిన మరుక్షణం హాట్‌స్పాటు తెరవడం, ల్యాప్‌టాపుకు దాని పాస్‌వర్డు ముందే గుర్తుపెట్టించి ఉంచడం ఒక ఆదివారం రెండుసార్లు అలవాటు చేసుకోండి. వీడియో మీటింగు గంటకు ఒకటి నుంచి రెండున్నర జీబీ దాకా తింటుంది, వీడియో ఆపి మాట ఒక్కటే ఉంచితే 100 ఎంబీ లోపే అయిపోతుంది. మీ మేనేజరుకు కోపం తెప్పించింది నెట్టు పోవడం కన్నా, పోయాక మీరు పావుగంట కనిపించకుండా పోవడమే అయి ఉంటుందని నా అనుమానం. ఈ పని ఇవాళే, ఎవరినీ అడగకుండా చేయవచ్చు. మిగతా నిర్ణయాలకు మీకు నెల రోజుల నిదానం దొరుకుతుంది.

ఇప్పుడు చిన్న మామయ్య గారి మాట. ఆయన చెప్పినదానిలో రెండు భయాలున్నాయి, ఒకటి పైకి చెప్పింది, ఒకటి చెప్పనిది. పైకి చెప్పింది బెజ్జం. దానికి తేలిక సమాధానం ఉంది. ఫ్లాటులోకి వచ్చే ఫైబరు తీగ రెండు మూడు మిల్లీమీటర్ల మందం మించదు. దాని కొక్కెం లోపలికి తెచ్చాక బిగిస్తారు కనుక పెన్సిలు పట్టే సందు చాలు. ఏసీ పైపు పోయే రంధ్రం, కేబుల్ టీవీ వైరు వచ్చే సందు, పాత టెలిఫోను పైపు, కిటికీ చట్రం మూల, వీటిలో ఒకటి లేని ఫ్లాటును నేను మన ఊళ్ళో చూడలేదు. బ్రాడీపేటలో ఒక పాత ఇంట్లో గోడ మందం చూసి నేనూ మా హెల్పరూ నిలువునా నీరుగారిపోతే, ఆ ఇంటి ముసలావిడ వచ్చి "అదేమిటి నాయనా, పావురాలు వస్తాయని గుడ్డ కుక్కిన సందు ఉందిగా" అని కిటికీ పైన చూపించింది. మీరు ఆయన దగ్గరకు వెళ్ళేముందే ఆ సందు ఎక్కడుందో చూసిపెట్టుకుని, ఫోనులో ఫోటో తీసుకుని వెళ్ళండి. "బెజ్జం అక్కరలేదు మామయ్య గారూ, వైరు ఇదిగో ఇక్కడి నుంచి వస్తుంది, వెళ్ళేటప్పుడు తీయించేస్తాం" అంటే ఆయన కాదనడానికి గోడ అడ్డం రాదు.

చెప్పని భయం వేరు. అపార్ట్‌మెంటు మీటర్ల గదిలో పెట్టె పెట్టుకోనిచ్చినందుకు ఆపరేటరు ఆయనకో అసోసియేషనుకో నెట్టు ఉచితంగా ఇస్తూ ఉండవచ్చు, లేదా ఏళ్ళ తరబడి పిలిస్తే పలికిన మనిషి అన్న మొగమాటం ఉండవచ్చు. ఇందులో తప్పు పట్టవలసిందేమీ లేదు గానీ, మీరు ఆ ఆపరేటరును తిడుతూ మాట్లాడితే ఆయన అతని పక్షాన నిలబడక తప్పని పరిస్థితి వస్తుంది. అందుకే అతని ఊసు ఎత్తకుండా, ఉద్యోగం ఊసు ఎత్తండి. మూడు రాత్రుల అంకెలున్న కాగితం చూపించి, మేనేజరు మాట చెప్పి, "ఇప్పుడున్న కనెక్షను ఉంచుతాను, ఆఫీసు పనికి మాత్రం ఇంకొకటి కావాలి" అని అడగండి. ఇంట్లో రెండు కనెక్షన్లు అయిదు నెలలు ఉంచడం నెలకు 600 అదనపు ఖర్చే. మీరు హైదరాబాదులో హాస్టలు అద్దె కట్టడంతో పోల్చి చూసుకోండి. ఇది అందరికీ నచ్చే దారి కాకపోవచ్చు, కానీ ఎవరి మొగమూ చిన్నబోనవసరం లేని దారి.

ఆ మాట మాట్లాడవలసింది మీరు కాదు, మీ వారు. బాబాయితో తగువెందుకంటున్న ఆయనే బాబాయి దగ్గర కూర్చుని కాఫీ తాగుతూ ఈ కాగితం ఇవ్వాలి. కోడలు వచ్చి అడిగితే అది ఫిర్యాదవుతుంది, కొడుకు వరస వాడు అడిగితే అవసరమవుతుంది. ఇలా ఉండకూడదని నాకూ తెలుసు, మన ఇళ్ళలో ఇలాగే ఉంది. మీ వారికి మీ మీటింగుల సంగతి వినికిడిగా తప్ప తెలియకపోతే, ఒక రాత్రి ఎనిమిదిన్నరకు ఆయన్ని మీ పక్కన కూర్చోబెట్టుకుని, మాట తెగిన క్షణంలో అవతలివారి మొగాలు తెర మీద ఎలా బిగుసుకుపోతాయో చూడనివ్వండి.

ఒకవేళ అంతా విని కూడా చిన్న మామయ్య గారు కుదరదంటే, బాల్కనీ గ్రిల్లు 5జీ పెట్టెకో, ఉన్న ఆపరేటరుతోనే ఫైబరు తీగ మార్పించుకోవడానికో రండి. హక్కుల గురించి నోటీసు రాసే దారిని నేను సూచించడం లేదు. అయిదు నెలలు ఉండబోయే ఇంటి కోసం, మామగారి వరస వారితో.

కొత్త కనెక్షను ఏదైనా మీ పేరు మీద, మీ ఆధారు, అద్దె అగ్రిమెంటు నకలు ఇచ్చి తీసుకోండి. పాతవారి పేరు మీద నడపడం వల్ల వచ్చే ఇబ్బంది పైకి కనిపించదు. ఆ నెట్టు మీద జరిగే ప్రతిదానికీ కాగితాల్లో బాధ్యులు వారు. ఫిర్యాదు చేసే హక్కు కూడా వారిదే. సేవ సరిగా లేనప్పుడు ముందు కంపెనీకి ఫిర్యాదు చేసి డాకెట్ నంబరు, అంటే ఫిర్యాదు నంబరు, తీసుకోవాలి. అక్కడ తేలకపోతే ఆ కంపెనీలోనే ఉండే అప్పీలు అధికారికి రాయాలి. టెలికాం కంపెనీలను నియంత్రించే ట్రాయ్ విడివిడి ఫిర్యాదులను స్వయంగా విచారించదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను 1915కు ఫోను చేయవచ్చు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం టెలికాం సేవను పేరుపెట్టి చేర్చింది కనుక జిల్లా కమిషను తలుపు కూడా తెరిచే ఉంది. వీటిలో దేనికైనా మీ పేరున్న బిల్లు చేతిలో ఉంటే పని తేలిక.

బిగించడానికి వచ్చిన రోజు దగ్గరుండండి. ఫైబరు తీగ చివర టెక్నీషియన్ చిన్న మీటరు పెట్టి వెలుతురు ఎంత వస్తోందో చూస్తాడు. ఆ అంకె మీకూ చూపించమని అడగండి. మైనస్ 15 నుంచి మైనస్ 24 లోపు ఉంటే నిశ్చింత. మైనస్ 27 దాటి ఇంకా కిందికి పోతే ఇవాళ పనిచేసినా రేపు వానకో గాలికో కొక్కెం కాస్త కదిలితే పెట్టె మీద ఎర్ర లైటు వెలుగుతుంది. ఆ మనిషి ఉండగానే కొక్కెం మళ్ళీ బిగించమనడం, అతను వెళ్ళాక ఫోను చేసి రప్పించడం కన్నా వంద రెట్లు తేలిక. తీగను మేకులతో బిగించవద్దనండి, మూలల్లో మడత పడకుండా గుండ్రంగా తిప్పమనండి. లోపల ఉన్నది గాజు. రాగి తీగలాగా దాన్ని మెలిపెడితే పైకి తెగినట్టు కనిపించదు గానీ లోపల వెలుతురు కారిపోతుంది. పెట్టెను టీవీ అరలో కాక, వీలైతే మీరు పనిచేసే గదిలోనే, ఛాతీ ఎత్తున, ఇన్వర్టరు ప్లగ్గుకు దగ్గరగా పెట్టించుకోండి. అత్తయ్య గారి టీవీకి హాల్లోకి వైఫై చాలు. ఆమెది అరక్షణం ఆగినా మళ్ళీ అందుకుంటుంది, మీ మీటింగు అందుకోదు.

ఇక పాత రూటరు. అది పాత అద్దెవారు కొనుక్కున్నదో, ఆపరేటరుదో ముందు వారికే ఫోను చేసి కనుక్కోండి. వారి పేరు మీద ఆపరేటరు దగ్గర డిపాజిట్టు ఏమైనా ఉంటే అది తిరిగి రావడం ఈ రూటరు అప్పగించడం మీద ఆధారపడి ఉండవచ్చు. కొత్తది బిగించాక కూడా పాతది వారం రోజులు ఉంచి, రాత్రి మీటింగులు రెండు మూడు సాఫీగా గడిచాక, అడాప్టరుతో సహా అట్టపెట్టెలో పెట్టి, వెనక ఉన్న సీరియల్ నంబరు కనిపించేలా ఫోటో తీసి, ఎవరికి ఇచ్చారో వారి చేత ఆ తేదీతో ఒక వాట్సాప్ సందేశం పెట్టించుకోండి. ఆ సందేశాన్ని పాత అద్దెవారికి కూడా పంపండి.